మహిళా వ్యాపారులకు ప్రభుత్వ గుర్తింపు: శాలువాతో ఏమొస్తుంది, సర్టిఫికెట్‌తో ఏమొస్తుంది?

ఏటా మార్చి 8 దగ్గరపడితే చాలు, కలెక్టరేట్ల నుంచి రాష్ట్రపతి భవన్ దాకా సన్మానాలే. పచ్చళ్ల యూనిట్ పెట్టినవారు, బొటిక్ నడిపేవారు, స్టార్టప్ వ్యవస్థాపకులు వేదిక మీదకు వస్తారు. శాలువా కప్పుతారు, మెమెంటో ఇస్తారు, ఫొటో తీస్తారు. మర్నాడు అదే ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో కనిపిస్తుంది. అయితే ఆ మెమెంటో పట్టుకుని బ్యాంకుకు వెళ్తే మేనేజర్ ఏమంటారు? ప్రభుత్వ టెండరు వేస్తే అది పనికొస్తుందా? బిల్లు ఎగ్గొట్టిన కస్టమర్ మీద ఫిర్యాదు చేయడానికి ఉపయోగపడుతుందా?

చాలా సందర్భాల్లో సమాధానం 'లేదు' అనే వస్తుంది. ప్రభుత్వం నుంచి మహిళా వ్యాపారులకు వచ్చే గుర్తింపు రెండు రకాలు. ఒకటి గౌరవం. రెండోది చట్టం ఒప్పుకునే హోదా. రెండింటి మీదా ప్రభుత్వ ముద్ర ఉంటుంది కాబట్టి ఒకటే అనుకునే ప్రమాదం ఉంది. నిజానికి మొదటి దానికి ఉన్న మెరుపు రెండోదానికి లేదు, రెండోదానికి ఉన్న బలం మొదటి దానికి లేదు.

వేదిక మీద ఇచ్చే గుర్తింపులు ఏంటి?

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 1999లో స్త్రీ శక్తి పురస్కారాలు మొదలుపెట్టింది. అవే తరవాత నారీ శక్తి పురస్కారాలు అయ్యాయి. అప్పటి శ్రీకాకుళం జిల్లా సీతంపేట ప్రాంతంలో గిరిజన మహిళలతో కలిసి చిరుధాన్యాల మీద పనిచేసిన పడాల భూదేవి 2020 మార్చి 8న రాష్ట్రపతి చేతుల మీదుగా ఈ పురస్కారం అందుకున్నారు. నీతి ఆయోగ్ 2016లో 'విమెన్ ట్రాన్స్‌ఫార్మింగ్ ఇండియా' అవార్డులు మొదలుపెట్టింది. 2018 నుంచి వీటిలో వ్యాపార రంగానికే పెద్దపీట వేశారు. స్వాతంత్ర్యానికి 75 ఏళ్ల సందర్భంగా 2022 మార్చిలో 75 మంది మహిళలను సత్కరించారు.

వ్యాపారంలో ఉన్న మహిళలకు పద్మ పురస్కారాలూ దక్కాయి. బయోకాన్ వ్యవస్థాపకురాలు కిరణ్ మజుందార్ షాకు 1989లో పద్మశ్రీ, 2005లో పద్మభూషణ్ వచ్చాయి. లిజ్జత్ పాపడ్‌ను ఆరుగురితో కలిసి మొదలుపెట్టిన జశ్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. భారత్ బయోటెక్ సుచిత్ర ఎల్లకు భర్త కృష్ణ ఎల్లతో కలిపి 2022లో పద్మభూషణ్ దక్కింది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పద్మ పురస్కారం బిరుదు కాదు. రాజ్యాంగంలోని 18వ అధికరణం ప్రకారం ప్రభుత్వం బిరుదులు ఇవ్వకూడదు. ఈ పురస్కారాలు బిరుదుల కిందకు రావని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో వీటిని పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదని కూడా స్పష్టం చేసింది. అంటే దేశంలో అత్యున్నత గౌరవాలను కూడా లెటర్‌హెడ్ మీద, విజిటింగ్ కార్డు మీద పేరులో భాగంగా వాడుకోవడానికి వీల్లేదు. మన సభల్లో ఆహ్వాన పత్రికలు చూస్తే ఈ నిబంధనను ఎంతమంది పట్టించుకుంటున్నారో అర్థమవుతుంది, అది వేరే సంగతి.

గ్రామీణ స్వయం సహాయక సంఘాల సభ్యులకు ఇచ్చే 'లఖ్‌పతి దీదీ' గుర్తింపు కూడా ఈ కోవలోదే. కుటుంబ వార్షిక ఆదాయం లక్ష రూపాయలు దాటి, అది నిలకడగా కొనసాగుతుంటే ఆ సభ్యురాలిని లఖ్‌పతి దీదీగా లెక్కిస్తారు. 2024 ఆగస్టు 25న మహారాష్ట్రలోని జల్‌గావ్‌లో ప్రధాని 11 లక్షల మందికి సంబంధించిన సర్టిఫికెట్ల కార్యక్రమంలో పాల్గొన్నారు. మూడు కోట్ల మందిని ఈ స్థాయికి తేవాలన్నది లక్ష్యం. ఈ పథకం వెనక శిక్షణ, సంఘం రుణాలు ఉన్న మాట నిజమే. కానీ ఆ సర్టిఫికెట్ చూపిస్తే కచ్చితంగా ఇది ఇవ్వాలి అని ఏ బ్యాంకునూ ఏ చట్టమూ ఆదేశించదు.

మరి ఇవన్నీ దండగేనా?

అలా కొట్టిపారేయలేం. ప్రతీకగా మొదలైనది ఒక్కోసారి సంస్థగా మారుతుంది. 2017 నవంబరు 28 నుంచి 30 వరకు హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. 'మహిళలకు ప్రాధాన్యం, అందరికీ సమృద్ధి' అన్నది దాని నినాదం. ఇవాంకా ట్రంప్ రాక, ఫలక్‌నుమాలో విందు, రోడ్లకు కొత్త రంగులు, ఆ మూడు రోజులు నగరంలో ఎవరికైనా గుర్తుండే ఉంటాయి. ఆ హడావుడిలోనే తెలంగాణ ప్రభుత్వం మహిళా వ్యాపారుల కోసం ప్రత్యేక ఇంక్యుబేటర్ పెడతామని ప్రకటించింది. 2018 మార్చి 8న 'వీ హబ్' మొదలైంది. ఇప్పటికీ నడుస్తోంది. సదస్సు ఫొటోల కంటే అదే ఎక్కువమందికి పనికొచ్చింది.

అంతకంటే పాత ఉదాహరణ 'ఎలీప్'. 1993లో హైదరాబాద్‌లో మహిళా పారిశ్రామికవేత్తలే సంఘంగా ఏర్పడ్డారు. గాజులరామారంలో మహిళల కోసమే పారిశ్రామికవాడ తెచ్చుకున్నారు. అక్కడ వారికి దక్కింది షెడ్డు కట్టుకోవడానికి జాగా. అన్ని గుర్తింపులనూ ఈ కొలబద్దతోనే చూడొచ్చు. ఈ కాగితం చూపిస్తే ఎవరైనా మీకు ఏదైనా ఇవ్వాల్సిన బాధ్యత ఏర్పడుతుందా, లేదా?

ఉద్యం: మెరుపు లేని కాగితం

ఆ లెక్కన చూస్తే అన్నిటికంటే విలువైనది ఉద్యం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. దీనికి సన్మానం ఉండదు. ఫోన్‌లోనే దరఖాస్తు చేసుకుంటారు, పీడీఎఫ్ వస్తుంది. 2020 జులై 1 నుంచి ఇది అమల్లో ఉంది. పాత ఉద్యోగ్ ఆధార్ స్థానంలో వచ్చింది. ఫీజు లేదు. కాగితాలు అప్‌లోడ్ చేయక్కర్లేదు. ఏటా రెన్యువల్ కూడా లేదు. ఆధార్, పాన్, అవసరమైనవారికి జీఎస్టీ నంబరు ఉంటే సరిపోతుంది.

2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త పరిమితులు వచ్చాయి. యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి 2.5 కోట్ల రూపాయల లోపు, టర్నోవర్ 10 కోట్ల లోపు ఉంటే సూక్ష్మ సంస్థ. పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్ల వరకు చిన్న సంస్థ. కాబట్టి మన కాలనీల్లోని టిఫిన్ సెంటర్, టైలరింగ్ యూనిట్, బ్యూటీ పార్లర్, ఇంటి నుంచి నడిపే కేకుల వ్యాపారం దాదాపు అన్నీ సూక్ష్మ సంస్థలే.

జీఎస్టీ లేని మరీ చిన్న వ్యాపారాలకు 2023 జనవరిలో ఉద్యం అసిస్ట్ ప్లాట్‌ఫామ్ తెచ్చారు. ఇందులో బ్యాంకులు, మైక్రోఫైనాన్స్ సంస్థల ద్వారా నమోదు జరుగుతుంది.

ఈ రెండు పోర్టళ్ల లెక్కలు పక్కపక్కన పెడితే అసలు బొమ్మ కనిపిస్తుంది. 2024 జనవరి నాటికి ఉద్యం పోర్టల్‌లో మహిళల సంస్థలు 20.5 శాతం. కానీ మొత్తం పెట్టుబడిలో వాటి వాటా 11.15 శాతం, టర్నోవర్‌లో 10.22 శాతమే. అదే ఉద్యం అసిస్ట్‌లో, అంటే జీఎస్టీ గడప తొక్కని వ్యాపారాల్లో, మహిళలవి 70.49 శాతం. వ్యాపారం ఎంత చిన్నదైతే అంత ఎక్కువగా మహిళల పేరు కనిపిస్తోంది. పైకి వెళ్లే కొద్దీ పలచబడుతోంది. సంఖ్య పెరిగిందని చెప్పే ప్రకటనలు ఈ రెండో సగాన్ని సాధారణంగా వదిలేస్తాయి.

'మహిళా సంస్థ' అని ఎవరిని అంటారు?

ఇది తేలికగా తీసుకోకూడని ప్రశ్న. ప్రభుత్వ కొనుగోళ్ల విధానంలో దీనికి నిర్వచనం ఉంది. సొంత యాజమాన్య సంస్థ అయితే యజమాని మహిళ కావాలి. భాగస్వామ్య సంస్థ అయితే మహిళా భాగస్వాముల వాటా కనీసం 51 శాతం ఉండాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే మహిళా ప్రమోటర్లకు కనీసం 51 శాతం షేర్లు ఉండాలి. భార్యాభర్తలు చెరి సగం పెట్టుకున్న కంపెనీ దీని కిందకు రాదు. ఒక్క శాతం తేడాతో పోతుంది.

ఈ నిర్వచనం పాటిస్తే ఏమొస్తుంది? కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏడాదిలో చేసే కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలి. అందులో 3 శాతం మహిళల సంస్థల నుంచి ఉండాలని 2018 నవంబరులో చేర్చారు. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ 'జెమ్'లో 2019 జనవరి నుంచి 'వుమనియా' పేరుతో మహిళలు తయారుచేసిన సరకులకు ప్రత్యేక విభాగం కూడా ఉంది.

ఇక్కడే అపోహలు ఎక్కువ. ఈ 3 శాతం అన్నది ఆ శాఖ ఏడాది మొత్తం కొనుగోళ్ల మీద లక్ష్యం. ఫలానా టెండరులో 3 శాతం నాకు రావాలి అని అడగడానికి లేదు. ఇది కేంద్రానికి వర్తించే విధానం. మున్సిపాలిటీ టెండరుకో, రాష్ట్ర ప్రభుత్వ హాస్టళ్ల సరఫరాకో ఇదే నిబంధన చూపించి వాదించలేరు. అక్కడ రాష్ట్రాల సొంత నిబంధనలు చూసుకోవాలి.

అయితే టెండరులో నేరుగా అందే ప్రయోజనాలూ ఉన్నాయి. అవి మహిళలకే కాదు, సూక్ష్మ, చిన్న సంస్థలన్నిటికీ వర్తిస్తాయి. టెండరు పత్రాలు ఉచితం. ఈఎండీ కట్టక్కర్లేదు. ధర విషయంలో ఒక వెసులుబాటు ఉంది. ఉదాహరణకు ఒక పెద్ద కంపెనీ వస్తువుకు 100 రూపాయలు కోట్ చేసి అందరికంటే తక్కువలో నిలిచింది. మీరు 112 కోట్ చేశారు. తేడా 15 శాతం లోపే కాబట్టి, 100కే ఇస్తామని ఒప్పుకుంటే ఆర్డరులో 25 శాతం వరకు మీకు వస్తుంది. ఆ ధరకు గిట్టుబాటు అవుతుందా అన్నది మీరు లెక్క వేసుకోవాల్సిందే.

కోడ్ తప్పయితే అంతా తప్పే

దరఖాస్తులో వ్యాపారం ఏమిటో చెప్పే ఎన్ఐసీ కోడ్ ఎంచుకోవాలి. చాలామంది దీన్ని మీసేవ, నెట్ సెంటర్ వాళ్లకు వదిలేస్తారు. వాళ్లు కనిపించిన మొదటిది కొడతారు. కానీ 45, 46, 47తో మొదలయ్యే కోడ్లు టోకు, చిల్లర వ్యాపారానివి. 2021 జులైలో వ్యాపారులను మళ్లీ ఉద్యంలోకి అనుమతించినప్పుడు ఒక షరతు పెట్టారు. వారికి ప్రాధాన్య రంగ రుణాల ప్రయోజనం మాత్రమే ఉంటుంది. టెండరు రాయితీలు, ఆలస్యమైన బిల్లుల మీద రక్షణ ఉండవు.

మామిడికాయలు కొని, ముక్కలు కోసి, ఆవకాయ పెట్టి అమ్మేవారు తయారీదారులు. వారి కోడ్ 10తో మొదలవ్వాలి. 'పచ్చళ్ల అమ్మకం' అని 47లో పడితే చేసే పని మారకపోయినా హక్కులు తగ్గిపోతాయి. బొటిక్ కూడా అంతే. చీరలు తెచ్చి అమ్మడం వ్యాపారం. బ్లౌజులు కుట్టడం, మగ్గం వర్క్ చేయించి డ్రెస్సులు తయారుచేయడం వేరు. దుస్తుల తయారీకి 14తో మొదలయ్యే కోడ్లు ఉన్నాయి. టిఫిన్ సెంటర్, క్యాటరింగ్‌కు 56, బ్యూటీ పార్లర్‌కు 96. సర్టిఫికెట్ ఇప్పటికే ఉంటే ఒకసారి తెరిచి కోడ్ చూసుకోండి. పోర్టల్‌లోనే ఉచితంగా మార్చుకోవచ్చు.

45 రోజుల హక్కు

ఉద్యం సర్టిఫికెట్‌లో అసలు పదును ఇక్కడుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరకు లేదా సేవ తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోపు డబ్బు కట్టాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. సరకులో లోపం ఉందనుకుంటే 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. లేదంటే అంగీకరించినట్టే.

గడువు దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ లెక్కన కట్టాలి. బ్యాంకు రేటు 6 శాతం అనుకుందాం. మూడింతలంటే 18 శాతం. ఒక ప్రైవేటు స్కూలుకు మీరు 4 లక్షల రూపాయల యూనిఫాంలు కుట్టి ఇచ్చారు. గడువు దాటి ఆరు నెలలైంది. వడ్డీయే 37 వేల రూపాయలు దాటుతుంది. ఒప్పందంలో వడ్డీ ఉండదని రాసుకున్నా చట్టం ముందు చెల్లదు.

ఫిర్యాదు చేయడానికి 2017 అక్టోబరులో 'సమాధాన్' పోర్టల్ తెచ్చారు. కేసు రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. చట్టం 90 రోజుల్లో తేల్చాలంటుంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతోంది. కానీ కౌన్సిల్ తీర్పు మీద కొనుగోలుదారు కోర్టుకు వెళ్లాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. మామూలు సివిల్ కేసులో చిన్న వ్యాపారికి ఇంత బలం దొరకదు. పైగా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను చట్టంలోనూ మార్పు వచ్చింది. గడువులోపు కట్టని బిల్లును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు, కట్టిన ఏడాదే చూపించాలి. అందుకే ఇన్‌వాయిస్ మీద ఉద్యం నంబరు ముద్రించడం మంచిది. అవతలి అకౌంటెంట్ కంట అదే ముందు పడుతుంది.

ఈ హక్కు మహిళలకు ప్రత్యేకం కాదు. అయినా చెప్పడానికి కారణం ఉంది. బాకీల గురించి గట్టిగా అడగడానికి మొహమాటపడే చిన్న వ్యాపారులకు ఇది ఏ అవార్డు కంటే కూడా ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

బ్యాంకులో మహిళలకు ప్రత్యేకంగా ఉన్నది క్రెడిట్ గ్యారంటీ. తనఖా లేకుండా బ్యాంకు ఇచ్చే రుణానికి సీజీటీఎంఎస్ఈ ట్రస్టు పూచీ ఉంటుంది. సాధారణంగా 75 శాతం ఉండే పూచీని మహిళలకు ముందు 85, తరవాత 90 శాతానికి పెంచారు. ఏటా కట్టే గ్యారంటీ ఫీజులో 10 శాతం తగ్గింపు ఉంది. ఇది బ్యాంకు నష్టానికి రక్షణ. మీ అప్పు మాఫీ అవుతుందని కాదు. రుణం ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయమూ బ్యాంకుదే. కానీ 'ష్యూరిటీ ఏముంది?' అని మేనేజర్ అడిగినప్పుడు ఈ పథకం కింద పరిశీలించమని అడగొచ్చు.

పేరు మీది, వ్యాపారం ఎవరిది?

ఇన్ని రాయితీలు ఉన్నాయని తెలిశాక మన ఇళ్లలో జరిగేది అందరికీ తెలుసు. భర్తో, అన్నో, మామగారో నడిపే వ్యాపారాన్ని ఇంట్లో ఆడవాళ్ల పేరు మీద పెట్టేస్తారు. 'సంతకమే కదా' అంటారు. ఈ గుర్తింపు నిజంగా ప్రమాదకరంగా మారేది ఇక్కడే.

సొంత యాజమాన్య సంస్థకు, యజమానికి చట్టం దృష్టిలో తేడా లేదు. రుణం ఎగ్గొడితే ఎగవేతదారు ఆమె. క్రెడిట్ స్కోరు పడేది ఆమెది. జీఎస్టీ బాకీ నోటీసు ఆమె పేరు మీదే వస్తుంది. ఆమె సంతకం చేసిన చెక్కు బౌన్స్ అయితే 138 సెక్షన్ కింద కేసు ఆమె మీదే. రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 'నాకేం తెలియదు, వాళ్లే చూసుకునేవారు' అంటే సాధారణంగా చెల్లదు. ఖాళీ చెక్కుబుక్కు మీద ముందే సంతకాలు పెట్టి ఇవ్వడం ఎంత మామూలు అలవాటో, అంత పెద్ద ముప్పు.

మీ పేరు మీద వ్యాపారం ఉంటే కనీసం మూడు మీ చేతిలో ఉండాలి: కరెంట్ ఖాతా ఎస్ఎంఎస్‌లు వచ్చే ఫోన్, జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్, చెక్కుబుక్కు. అందుకు ఇంట్లో అభ్యంతరం వస్తే అది కేవలం సంతకం వ్యవహారం కాదని అర్థం.

దీనికి ఉల్టా కూడా ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి రుబ్బి, హోటల్ నడిపేది ఆమె. లైసెన్స్, ఖాతా, యూపీఐ స్కానర్ అన్నీ భర్త పేరు మీద. ఆమె ఏ లెక్కలోనూ ఉండదు. 2013-14లో జరిగిన ఆరో ఆర్థిక గణనలో మహిళలు యజమానులుగా ఉన్న సంస్థలు 80.5 లక్షలు, మొత్తంలో 13.76 శాతం అని తేలింది. ఇలా లెక్కకు రానివారిని కలిపితే ఆ సంఖ్య ఇంకెంతో ఉండేది. సొంత యాజమాన్య ఉద్యం ఒకరి పాన్ నుంచి మరొకరి పాన్‌కు మారదు. ఆమె పేరు మీద కొత్తగా ఉద్యం తీసుకోవాలి. జీఎస్టీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా కూడా మార్చుకోవాలి. పని ఉంది, కానీ ఒక్కసారే.

అవార్డు వచ్చిందని ఫోన్ వస్తే?

'మేడమ్, ఉత్తమ మహిళా పారిశ్రామికవేత్తగా మిమ్మల్ని ఎంపిక చేశాం. ఢిల్లీలో కేంద్ర మంత్రి చేతుల మీదుగా ఇస్తాం. నామినేషన్ చార్జీ, ట్రోఫీ ఖర్చు కట్టండి.' ఇలాంటి ఫోన్లు వస్తున్నాయంటే అది ప్రభుత్వ అవార్డు కాదు. పద్మ సహా కేంద్ర ప్రభుత్వ పురస్కారాలకు నామినేషన్లు 'రాష్ట్రీయ పురస్కార్' పోర్టల్‌లో ఉచితంగా తీసుకుంటారు. ఎవరినైనా ఎవరైనా ప్రతిపాదించవచ్చు, పద్మకైతే తమను తామే ప్రతిపాదించుకోవచ్చు. ప్రైవేటు సంస్థలు అవార్డులు ఇవ్వడం నేరం కాదు. కానీ మెమెంటో మీద నాలుగు సింహాల గుర్తు వేస్తే 2005 నాటి జాతీయ చిహ్నం చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

ఉద్యం పేరుతోనూ ఇదే దందా. గూగుల్‌లో వెతికితే ముందు వచ్చే ప్రకటనల్లో కొన్ని వెబ్‌సైట్లు అచ్చం ప్రభుత్వ పోర్టల్‌లా కనిపిస్తాయి. చివర్లో 'రిజిస్ట్రేషన్ ఫీజు' అడుగుతాయి. అసలు పోర్టల్ చిరునామా చివర 'డాట్ జీఓవీ డాట్ ఇన్' ఉంటుంది, ఎక్కడా డబ్బు అడగదు. రెన్యువల్ గడువు ముగిసిందని మెసేజ్ వచ్చినా నమ్మకండి. ఉద్యంకు రెన్యువల్ అన్నదే లేదు. ఎవరైనా ఇచ్చిన సర్టిఫికెట్ మీద అనుమానం ఉంటే దాని మీద ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, లేదా పోర్టల్‌లో 'వెరిఫై' విభాగంలో ఉద్యం నంబరు కొట్టి చూడండి. సంస్థ పేరు, యజమాని వివరాలు, కోడ్ సరిపోకపోతే అది చెల్లదు.